తాళం చప్పుడు

చివరి బెంచీలో నా పక్కన చోటుంది, కూర్చోండి. లైట్లు ఆర్పేస్తున్నారు. కిటికీలకు నల్లగుడ్డ కట్టారు గానీ దానికి చిల్లులున్నాయి. మధ్యాహ్నపు ఎండ వాటిలోంచి దూరి గచ్చు మీద రూపాయి బిళ్లలు పరిచింది. మీ ఒళ్లో పరీక్ష అట్ట, దాని మీదో కాగితం. కాగితంలో ఏడు గళ్లు. షాటు నెంబరు, ఎన్ని సెకన్లు, సైజు, యాంగిల్, కెమెరా కదలిక, శబ్దం. ఏడో గడి నెత్తిన ఒకే ఒక్క మాట: ఎందుకు.

మొదటి ఆరూ ఎవరైనా నింపేస్తారు. ఏడోదాని దగ్గరికొచ్చేసరికే పెన్సిళ్ల చివర్లు నోట్లోకి వెళ్తాయి.

తెర మీద ‘పథేర్ పాంచాలి’. 1955 నాటి సినిమా. అపూ, దుర్గ రెల్లుపూల మధ్య నడుస్తూ రైలును చూసే ఘట్టం. సార్ మొదట మామూలుగా వేశారు. రాయొద్దు, చూడండి అన్నారు. రెండోసారి సౌండు తీసేశారు. మూడోసారి ప్రొజెక్టర్ మూతికి అట్ట అడ్డం పెట్టి సౌండు మాత్రమే వినిపించారు. చీకట్లో నలభై మందిమి ఖాళీ గోడకేసి చూస్తూ కూర్చున్నాం. స్తంభాల మీది తీగల హోరు. బొమ్మ ఉన్నంతసేపూ ఆ హోరు ఉందనే పట్టించుకోలేదు. బొమ్మ పోయాక చెవిలో తుమ్మెద దూరినట్టు అదొక్కటే.

ఇది నాలుగోసారి. నియమం ఒక్కటే: కట్ పడ్డప్పుడల్లా బల్ల మీద చరచాలి.

టప్. టపటప్. మొదట్లో వడగళ్ల వానలా తలా ఒకసారి పడుతోంది. ఎవరో కట్ లేనిచోట చరిచారు. కెమెరా పక్కకు తిరిగిందంతే, తెగలేదు. వెనక నవ్వులు. ఇంకెవరో అసలు చరచడమే మర్చిపోయి నోరు తెరుచుకు చూస్తున్నారు. సార్ వెనక్కి తిప్పి మళ్లీ వేశారు. ఆరోసారికి నలభై అరచేతులూ ఒక్క చప్పుడవుతాయి. అప్పుడు మొదటిసారి అర్థమవుతుంది, సినిమాకు నాడి ఉంటుందని. దాన్ని కంటితో కాదు, చేత్తో పట్టుకుంటున్నాం.

పరుగు మొదలైంది. దుర్గ తడబడి వెనకబడింది. అపూ ముందుకు పోయాడు. నల్లటి పొగ తెల్లటి రెల్లుపూల మీదుగా వస్తోంది. టప్. ఇప్పుడు మనం పట్టాలకు అవతల ఉన్నాం. చక్రాలు మన ముక్కు ముందే దొర్లిపోతున్నాయి. వాటి సందుల్లోంచి, అటువైపు, అంగుష్ఠమాత్రంగా పిల్లాడు.

సార్ ఆపారు.

“కెమెరా అటెందుకు పోయింది?”

రైలు పెద్దగా కనిపించడానికి అన్నారొకరు. వెరైటీ కోసం సార్, అన్నారింకొకరు. వెరైటీ అనే మాట వింటే సార్ ముఖం చింతపండు నమిలినట్టవుతుంది. ముందు బెంచీలోంచి కెమెరా అమ్మాయి మెల్లగా అంది: “ఇంతసేపూ మనం ఆ పిల్లలతో కలిసి పరిగెత్తాం సార్. ఇప్పుడు రైలు మధ్యలోకొచ్చి మనల్ని వాళ్ల నుంచి విడదీసింది.”

సార్ అవుననలేదు, కాదనలేదు. “రాసుకో” అన్నారు.

ఆ అమ్మాయి పేరుతో పనిలేదు. మా బ్యాచ్‌లో అందరినీ పనిపేరుతోనే పిలుస్తారు. కెమెరా, సౌండ్, ఎడిటర్, షీటు రాసే అమ్మాయిని షీటు. నేను డైరెక్టర్‌ని. చీటీలు వేస్తే నా చీటీ వచ్చింది, అంతకుమించి అర్హత లేదు.

*

షాట్లు లెక్కపెట్టి సినిమా నేర్చుకోవడం ఏమిటని మా నాన్న అడిగారు ఫోనులో. వంట నేర్చుకోవాలంటే పోపులో ఆవాలు లెక్కపెడతారా అన్నారు. నాకప్పుడు జవాబు తట్టలేదు. తర్వాత తట్టింది. కె.వి. రెడ్డి గారు ప్రతి సీనునూ స్టాప్‌వాచీ పట్టుకుని కొలిచేవారట. ‘మాయాబజార్’ తీసిన మనిషికే గడియారం అవసరమైతే, మాకు అవసరం కాకపోవడమేమిటి?

కెమెరామన్ సుబ్రతో మిత్రా సంగతి కూడా నాన్నకు చెప్పాలనుకున్నాను. ‘పథేర్ పాంచాలి’ మొదలైనప్పుడు ఆయన వయసు ఇరవై పైచిలుకే. అంతకుముందు సినిమా కెమెరా నడిపింది లేదు. జాఁ రెన్వార్ ‘ది రివర్’ తీయడానికి కలకత్తా వస్తే, షూటింగు చూసేందుకు అనుమతి సంపాదించుకుని, ఏ లైటు ఎక్కడ పెట్టారు, నటుడు ఎక్కణ్ణుంచి ఎక్కడికి నడిచాడు అని బొమ్మలు గీసుకుంటూ కూర్చున్నాడు. ఆ సినిమా కెమెరామన్ క్లాడ్ రెన్వార్, లైటింగ్ కంటిన్యుటీ సరిచూసుకోవడానికి ఈ కుర్రాడి నోటుబుక్కు అడిగి తీసుకున్నాడట. మా కెమెరా అమ్మాయి ఆ కథ విన్న రోజే లాంగ్ నోటుబుక్కు కొనుక్కుంది. అట్ట మీద తన పేరు రాయకుండా ‘రెన్వార్ గారు అడిగితే ఇవ్వవలెను’ అని రాసింది.

ఇక మా క్యాంటీన్ అన్న సంగతి.

1920 చుట్టుపక్కల మాస్కోలో లెవ్ కులెషోవ్ అనే ఆయన ఒక నటుడి ముఖం ముక్క తీసుకుని, అదే ముక్కను ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి ఒక స్త్రీ పక్కన అతికించాడు. చూసినవాళ్లు ఆ నటుడి ఆకలినీ దుఃఖాన్నీ కోరికనూ మెచ్చుకున్నారని చెప్పుకుంటారు. ముఖం మాత్రం ఒకటే. అక్కడ కొత్త ఫిల్ముకు అప్పుడు మహా కరువు. 1919లో పెట్టిన వాళ్ల ఫిల్ము స్కూల్లో కుర్రాళ్లు ఉన్న సినిమాలనే విప్పి, కోసి, మళ్లీ కుట్టి చదువుకున్నారు. మాకు కరువు లేదు. ఫోన్లో ఎంతైనా తీసుకోవచ్చు. మా కరువు వేరే రకం.

సార్ ఆ ప్రయోగాన్ని మమ్మల్ని చేసి చూపించమన్నారు. క్యాంటీన్ అన్నను స్టవ్వు పక్కన నిలబెట్టి, ఎటో చూడన్నా అని ఎనిమిది సెకన్లు ఫోన్లో తీశాం. ఆ ముఖం పక్కన ఒక పూట ఖాళీ ఆసుపత్రి మంచం, ఒక పూట చీర ఉయ్యాల, ఒక పూట వేడి ఇడ్లీల పళ్లెం. వేరే సెక్షనుకు చూపించాం. ఆసుపత్రి మంచానికి ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది. ఆయనెవరో థియేటర్ ఆర్టిస్టా అని అడిగారు.

అన్నకు చూపించాం. తనను తాను తేరిపార చూసుకున్నాడు. “పాలు పొంగుతయేమో అని చూస్తున్నా గద అప్పుడు” అన్నాడు.

*

ఇప్పుడు డిసెంబరు. తెల్లవారుజామున ఉప్పల్లో బస్సెక్కాం, భువనగిరి వైపు. ఎముకలు కొరికే చలి. మీరు కిటికీ వైపు కూర్చోకండి, అద్దం మూసుకోదు. మా వెంట కాలేజీ కెమెరా ఒకటి, 35, 50 లెన్సులు రెండు, ఒక కాలు జారే ట్రైపాడ్, దానికి కట్టుకట్టిన పాత చున్నీ. సౌండ్ వాడి ఒళ్లో రికార్డర్ పసిబిడ్డలా ఉంది. నా మోకాళ్ల మధ్య రెండు థర్మాకోల్ షీట్లు. కండక్టర్ వాటికి టికెట్ కొట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, మానుకున్నాడు.

షరతులు సార్ పెట్టారు. నాలుగు నిమిషాలు దాటొద్దు. మాటలుండకూడదు. ఒకే చోటు, ఒకే రోజు. ప్రతి షాటుకూ ఏడో గడి ముందే నింపి చూపించాలి.

కథ చిన్నది. ఒక ముసలమ్మ, కొడుకు దగ్గర ఉండడానికి పట్నం పోతోంది. తెల్లవారుతూనే ఇల్లు ఊడ్చి, కోళ్లకు గింజలేసి, తలుపు తాళం వేసి, ఆ తాళంచెవి కొంగుకు ముడివేసుకుని ఆటో ఎక్కుతుంది. అంతే. కాగితం మీద ఇరవై రెండు షాట్లు. బాపు గారు సినిమా మొత్తం ముందే బొమ్మలు వేసుకునేవారని విని మేమూ వేశాం. మా బొమ్మల్లో ముసలమ్మకూ కోడికీ తేడా తెలియదు. పక్కన బాణం గుర్తు పెట్టి ‘ఈమె అవ్వ’ అని రాసుకోవాల్సి వచ్చింది.

ఇల్లు మా షీటు వాళ్ల మేనత్త ఊళ్లో దొరికింది. గూనపెంకుల ఇల్లు, మట్టి గోడలు, ముందు అరుగు, అరుగు పక్కన వేపచెట్టు. ప్రహరీ మీదుగా చూస్తే దూరంగా భువనగిరి గుట్ట. ఊరి నెత్తిన ఎవరో బోర్లించిన గిన్నెలా ఒకే రాయి. అవ్వ ఆ ఇంటి అవ్వే. నటన ఆమెకు తెలియదు, మాకూ తెలియదు. ఎక్కడికీ పోవడం లేదామె. కొడుకు పక్క వీధిలోనే ఉంటాడు.

“తాళమేసుడు గూడ సినిమానేనా?” అంది, మా సామాను చూస్తూ.

పొద్దున్నే ఆరున్నర. గుట్ట ఇంకా నీలంగా ఉంది. కెమెరా అమ్మాయి 50 బిగించింది. అవ్వ ముఖం మీద పడే నీడ పోవడానికి నేను థర్మాకోల్ పట్టుకుని అరుగు పక్కన గొంతుకూర్చున్నాను. డైరెక్టర్ పని ఏమిటని ఎవరైనా అడిగితే థర్మాకోల్ పట్టుకోవడం అని చెప్తాను. ‘అపరాజితో’కు స్టూడియోలో కాశీ ఇంటి వాకిలి సెట్టు వేసినప్పుడు, మిత్రా సెట్టు పైన గుడ్డ పరిచి, లైట్లు దాని మీదికి కొట్టించి, తిరిగొచ్చిన వెలుగుతో ఆకాశాన్ని సృష్టించాడు. ఇక్కడ ఆకాశం ఉచితంగా ఉంది గానీ నా చేతులు వణుకుతున్నాయి. నా వణుకు అవ్వ బుగ్గ మీద వెలుగై వణుకుతోంది. “చెయ్యి!” అని అరిచింది కెమెరా.

“సౌండ్?”

“రోలింగ్.”

“కెమెరా?”

“రోలింగ్.”

షీటు క్లాప్ కొట్టింది. ఒకటి, టేక్ ఒకటి. అవ్వ చీపురు పట్టుకుని చక్కగా ఊడ్చింది, ఊడ్చి కెమెరా దగ్గరికొచ్చి, “ఈడ గూడ ఊడ్వాల్నా?” అని మా ట్రైపాడ్ కాళ్ల చుట్టూ ఊడ్చింది.

టేక్ మూడు మాకు పనికొచ్చింది. కోళ్ల షాటు మొదటి టేక్‌కే. కోళ్లకు సందేహాలుండవు.

ఎనిమిదింటికి పొలాల్లోంచి వరికోత మిషన్ మొదలైంది. ఇంజను చప్పుడు గోడలు దాటి, మా సౌండ్ వాడి హెడ్‌ఫోన్లలో కాపురం పెట్టింది. వాడు తల అడ్డంగా ఊపాడు. ఆగాం. పది నిమిషాలు, అరగంట, గంట. రైతును బతిమాలదామని ఒకరంటే, కోతకు గంటకింత అని కడుతున్న మనిషిని నాలుగు నిమిషాల సినిమా కోసం ఆపమని ఏ ముఖంతో అడుగుతాం అని షీటు కసిరింది. కూర్చుని అవ్వ పెట్టిన జొన్నరొట్టె తిన్నాం. ‘పథేర్ పాంచాలి’ తీసిన సత్యజిత్ రాయ్ బృందానికి ఇంతకంటే పెద్ద దెబ్బే తగిలింది. 1952 అక్టోబరు 27న రెల్లుచేలో మొదటి రోజు షూటింగు చేసి, తర్వాతి ఆదివారం మిగతాది తీద్దామని వెళ్తే చేనంతా బోసిగా ఉంది. పశువులు పూలన్నీ మేసేశాయి. మళ్లీ రెల్లు పూసేదాకా, అంటే మరుసటి ఏడు దాకా ఆగాల్సి వచ్చింది. మేం క్లాసులో బల్లలు చరుస్తూ ఒక్క పరుగుగా చూసిన ఘట్టం అలా అతుకులతో తయారైంది. ఆ అతుకు ఎక్కడుందో మా నలభై అరచేతుల్లో ఒక్కటీ కనిపెట్టలేదు.

మిషన్ ఆగేసరికి పది కావొచ్చింది. నీలంగా ఉన్న గుట్ట మొదట టీ రంగుకు తిరిగి, ఇప్పుడు సున్నం కొట్టినట్టు మెరుస్తోంది. ఆరో షాటు వెనక నీలం గుట్ట, ఏడో షాటు వెనక తెల్ల గుట్ట. సినిమాలో ఆ రెండింటికీ మధ్య ఉండాల్సింది రెండు సెకన్లు.

“గుట్ట కనపడకుండా తీద్దాం” అంది కెమెరా. ట్రైపాడ్ ఎత్తుకుని గోడకు అవతలి పక్కకు పోయింది. అక్కడ వెలుగూ బాగుంది. అందరం హమ్మయ్య అనుకున్నాం. ఆ హమ్మయ్య ఖరీదు ఎంతో తర్వాత చెప్తాను.

పద్నాలుగో షాటు. వైడ్. తలుపు, అరుగు, వేపచెట్టు, మధ్యలో అవ్వ చిన్నగా. మా కాగితంలో రాసుకున్నది ఇది: అవ్వ తాళం వేస్తుంది, చెవి కొంగుకు ముడివేస్తుంది, మెట్లు దిగుతుంది. ఏడో గడిలో నేను రాసింది: ‘ఇల్లు ఎంత పెద్దది, ఆమె ఎంత చిన్నది అని తెలియడానికి.’ సార్ దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టారు.

యాక్షన్ అన్నాను. అవ్వ గొళ్లెం పెట్టింది. తాళం నొక్కింది. చెవి తీసి ముడివేసుకుంది. రెండడుగులు దిగింది. ఆగింది. వెనక్కి వెళ్లి తాళాన్ని పట్టుకుని ఒకసారి లాగింది. ఇంకోసారి లాగింది. చేయి అలాగే ఒక్క క్షణం ఉంచి, దిగి వచ్చేసింది.

ఎవరం కట్ అనలేదు. అవ్వ ఫ్రేములోంచి వెళ్లిపోయింది. ఖాళీ వాకిట్లో కోడి అడ్డంగా నడిచింది. అప్పుడు అన్నాను.

ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. షీటు చేతి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, చలి తగ్గి రెండు గంటలైనా. మేం రాయనిది, అడగనిది. ఇల్లు వదలలేని మనిషి చేసే పని సరిగ్గా అదే.

మరి క్లోజ్? ఆ చెయ్యి, ఆ తాళం, దగ్గర్నుంచి కావాలి కదా. పరుగున లెన్సు మార్చాం. అవ్వా, ఇందాక లాగారే, అట్లాగే ఇంకొక్కసారి. అవ్వ లాగింది. ఇందాక ఎడమ చేయి, ఇప్పుడు కుడిచేయి. మళ్లీ. ఎడమచేత్తోనే లాగింది గానీ మూడుసార్లు. మళ్లీ. ఇప్పుడు రెండుసార్లే, ఎడమచేత్తోనే, అన్నీ కుదిరాయి. ఆమె మాత్రం తాళాన్ని కాక మమ్మల్ని లాగుతున్నట్టుంది. ఏడు టేకులు. ఏడో టేకులో నవ్వు ఆపుకోలేక, “దాన్ని ఊడబెరుకుతరా ఏంది బిడ్డా” అంది.

*

పొద్దుపోయింది, హాస్టల్ గదికి రండి. ఫ్యాను ఆపేశాం, శబ్దం వినబడాలని. ఎడిటర్ ముందు కంప్యూటర్, మా నలుగురి ఊపిరికీ తెర మీద ఆవిరి పట్టేలా ఉంది. తీసినవి ముప్పై ఒక్క షాట్లు. ఫైళ్లు రెండు డిస్కుల్లో భద్రం. ఆ ఒక్క పనీ మేం పాఠం చెప్పించుకోకుండానే సరిగ్గా చేశాం.

వరసగా పేర్చి వేశాడు. అవ్వ ఊడ్చింది, గింజలేసింది, మెట్లు దిగి కుడివైపుకు ఫ్రేము దాటింది. తర్వాతి షాటులో కుడివైపు నుంచి ఎడమకు నడుచుకుంటూ వచ్చింది.

“ఏంటిది, మళ్లీ ఇంటికి పోతోంది?” అన్నాడు ఎడిటర్.

పొద్దున్నే గుట్టను దాచడానికి గోడ అవతలికి పోయామే, అదీ. అవ్వ నడిచిన దారి ఒక గీత అనుకోండి. ఆ గీతకు ఒకే పక్కనుంచి చూసినంతసేపూ ఆమె ఒకే దిక్కుకు పోతుంది. మనం గీత దాటి అవతలికెళ్లామా, ఆమె దిక్కు మారిపోతుంది. ఈ సూత్రం పరీక్షలో నేను బొమ్మ గీసి మరీ రాశాను, మార్కులు కూడా వచ్చాయి. మా సినిమాలో ముసలమ్మ తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుని, ఆటో కోసం ఇంట్లోకే వెళ్తోంది.

పట్టాల అవతలికి వెళ్లిన ఆ రైలు షాటు గుర్తొచ్చింది. అక్కడ కెమెరా దాటడానికి ఒక కారణముంది. మేం ఎందుకు దాటాం? ఎండ బాగుందని.

అర్ధరాత్రి దాకా తిప్పలు పడ్డాం. షాటును అద్దంలోలా తిరగేసి చూశాం. దిక్కు కుదిరింది గానీ అవ్వ పైట కుడిభుజం మీదికి వచ్చింది. కోడి షాటు మధ్యలో పెట్టి చూశాం, కోడి బాగా నటించింది గానీ తప్పు దాగలేదు. చివరికి చెత్త ఫైళ్లలో దొరికింది మందు. పొద్దున ఫోకస్ సరిచూసుకోవడానికి అవ్వను తిన్నగా కెమెరా వైపు నడవమన్నాం. క్లాప్ లేదు, నెంబరు లేదు, సౌండ్ లేదు. షీటు దాన్ని లెక్కలో కూడా రాయలేదు. ఎదురుగా మన మీదికే వచ్చే మనిషికి కుడీ ఎడమా ఉండవు. దాన్ని మధ్యలో పెడితే, అవ్వ మన వైపు తిరిగి, మనల్ని దాటుకుని, ఏ దిక్కుకైనా పోవచ్చు.

ఇక పద్నాలుగు. వైడ్ నుంచి క్లోజ్‌కు కట్ చేశాడు ఎడిటర్. ఏడో టేకు కాదు, నాలుగోది. అతుకు కనబడదు, చేయీ కుదిరింది. చూశాం. చచ్చిపోయింది. వైడ్‌లో ప్రాణమున్న మనిషి, దగ్గరికెళ్లగానే మేం చెప్పింది చేస్తున్న మనిషి.

“క్లోజ్ తీసెయ్” అంది కెమెరా. తను మోకాళ్లు దోక్కుపోయేలా పాకి తీసిన షాటు అది.

“తీసేస్తే తాళం కనబడదు. ఎవరికీ తెలీదు ఆమె ఏం లాగిందో” అన్నాను.

సౌండ్ వాడు అంతసేపూ మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు. లేచి కూర్చున్నాడు. “హరిహర్ చీర చూపించేది గుర్తుందా?” అన్నాడు.

గుర్తుంది. ‘పథేర్ పాంచాలి’లో ఊరి నుంచి తిరిగొచ్చిన తండ్రి, కూతురు దుర్గ పోయిన సంగతి తెలియక, ఆమె కోసం తెచ్చిన చీర తీసి భార్య సర్బజయకు చూపిస్తాడు. సర్బజయ కూలిపోతుంది. నోరు తెరిచి ఏడుస్తుంది. ఏడుపు మాత్రం వినిపించదు. దాని చోట తార్ షెహనాయ్ పైస్థాయి స్వరాలు పెట్టారు. మా కాగితాల్లో ‘శబ్దం’ గడిలో అందరం ‘సంగీతం’ అని రాసి ఊరుకున్నాం. వీడొక్కడే, గొంతు తీసేశారు అని రాశాడు.

“బొమ్మ దూరంగానే ఉంచు” అన్నాడు. “తాళం చప్పుడు దగ్గర్నుంచి పెడతా.”

అవ్వ తాళం రికార్డింగులో వరికోత మిషన్ మళ్లీ మొదలైన మూలుగు ఉంది. వాడు తన ఇనప ట్రంకుపెట్టె తాళం తెచ్చాడు. దుప్పటి కప్పుకుని, మైకును రెండంగుళాల దూరంలో పెట్టి లాగాడు. టక్. టక్. దాన్ని వైడ్ కింద అతికించాడు. ముసలమ్మ అంత దూరంలో, వేపచెట్టు కంటే చిన్నగా. తాళం మన చెవి పక్కన. టక్. టక్. కళ్లు వాటంతటవే వెళ్లి ఆ చేతిని వెతుక్కున్నాయి. షాటు పొడవు పందొమ్మిది సెకన్లు. ఎవరం కదల్లేదు.

మొత్తం పదిహేడు షాట్లు మిగిలాయి. మూడు నిమిషాల యాభై రెండు సెకన్లు.

క్లాసులో వేసినప్పుడు చీకట్లో బల్లలు చరుస్తున్నారు మా వాళ్లు, అలవాటైపోయింది. పద్నాలుగో షాటు దగ్గర చేతులు గాల్లో ఆగాయి. ట్రంకుపెట్టె తాళం రెండుసార్లు మోగింది. సార్ లైటు వేసి, “ఆ తాళం లాగడం స్క్రిప్టులో ఉందా?” అన్నారు. లేదన్నాను. “మరి ఏడో గడిలో ఏం రాస్తావు?” ఏదో చెప్పబోయాను. వదులుకోలేకపోవడం, జ్ఞాపకాలు, అలాంటివి. నాకే రుచించక ఆపేశాను.

*

సంక్రాంతి దాటాక ఒక ఆదివారం మళ్లీ అదే బస్సు. ఈసారి లాప్‌టాప్ ఒక్కటే. అరుగు మీద చాప పరిచి అవ్వ కూర్చుంది, చుట్టూ పక్కింటి పిల్లలు. వేశాం.

అవ్వ తనను తాను పెద్దగా పట్టించుకోలేదు. కోడి నడిచినప్పుడు, “గది లేదిప్పుడు, పండుగకు కోసినం” అంది. అదే కోడి అని పిల్లలకు చూపించింది. గుట్ట మధ్యలో మాయమైందని కనిపెట్టింది కూడా ఆమే. రోజూ చూసే గుట్ట కదా. పద్నాలుగు వచ్చింది. తాళం లాగింది. టక్. టక్. నేను తెరను కాక ఆమె ముఖం చూస్తున్నాను.

కనుబొమలు ముడిపడ్డాయి.

అయిపోయాక అడిగాను. అవ్వా, ఆ రోజు మళ్లీ వెనక్కెళ్లి తాళం ఎందుకు లాగారు?

“పాత తాళం గద బిడ్డా, ఒక్కసారికి పడది. రెండుసార్లు గుంజి సూడాలె.”

కెమెరా అమ్మాయి నా వైపు చూసింది. ఇద్దరికీ ఒకేసారి క్యాంటీన్ అన్నా, పాల గిన్నే గుర్తొచ్చి ఉండాలి. నవ్వు ఆపుకోవడానికి తను వేపచెట్టు వైపు తిరిగింది.

అవ్వ ఇంకా అయిపోలేదన్నట్టు లాప్‌టాప్‌ను వేలితో తట్టింది. “ఆ సప్పుడు మళ్ల ఇనిపియ్యి.”

సౌండ్ వాడు ముందుకు జరిగాడు. ఎవరూ వాడిని ఏనాడూ సౌండ్ మళ్లీ వినిపించమని అడగలేదు. వెనక్కి తిప్పి వేశాడు. టక్. టక్.

“గిది నా తాళం సప్పుడు గాదు” అంది అవ్వ.

వాడి ముఖంలో రంగు మారింది. క్లాసులో నలభై మంది, సార్‌తో సహా ఎవరూ పట్టుకోలేదు.

“నా తాళం గిట్ల అనది. ముందు గర్రుమంటది, ఎన్క కడక్‌మంటది.” లేచింది. కొంగు ముడి విప్పి చెవి తీసింది. “నలభై ఏండ్లసంది ఇంటున్న. నాకు తెల్వదా?”

వాడు సంచిలో చేయి పెట్టాడు. రికార్డర్ తేకుండా ఉండడని నాకు తెలుసు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మైకు తాళం పక్కన పెట్టాడు. ఎడమచేయి పైకెత్తాడు, నిశ్శబ్దం అన్నట్టు. పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. మిషన్ లేదు. గాలి లేదు. ముందు ఉత్త వాకిలి చప్పుడు అరనిమిషం తీసుకోవాలి వాడికి. వాడి చేయి గాల్లోనే ఉంది. అవ్వ తాళం పట్టుకుని, ఆ చేయి ఎప్పుడు కిందికి దిగుతుందా అని చూస్తోంది.